చేప పోతే చేప ఇస్తానన్న బేరం

నందిగామ నుంచి జగ్గయ్యపేట దాకా హైవే పొడుగునా నా అంతటి బేరగాడు లేడని నాకో నమ్మకం ఉండేది. ఆ నమ్మకంతోనే నా పనిలోకెల్లా ఘనమైన బేరం ఒకటి కుదుర్చుకున్నాను. జగ్గయ్యపేటలో కొత్తగా తెరిచిన పిల్లల ఆస్పత్రిలో అక్వేరియం తొట్టిని చూసుకునే పని అది. డాక్టరమ్మగారు నెలకింత అన్నారు. నేను దానికి ఒకటిన్నర రెట్లు అడిగాను. ఆవిడ తల అడ్డంగా ఊపారు. అప్పుడు నేను, ఎవరూ అడక్కుండానే, ఛాతీ విరుచుకుని ఒక షరతు పెట్టాను.

"మేడమ్, నా చేతికింద ఉన్న తొట్టిలో చేప పోతే ఆ చేప నాది. నా ఖర్చుతో కొత్తది తెచ్చి వేస్తా. విజయవాడ వెళ్ళి అడగండి, ఎవడిస్తాడండీ ఈ గ్యారంటీ?"

ఎవడూ ఇవ్వడు. ఇవ్వకపోవడానికి కారణం ఉంటుందని ఆ క్షణంలో నాకు తట్టలేదు. ఆవిడ వెంటనే సరేనన్నారు. ఎదుటి మనిషి వెంటనే సరేనంటే మనం ఎక్కడో పప్పులో కాలేశామని అర్థం. ఈ సంగతి నేను లాగూ వేసుకునే వయసులోనే మా నాన్న కొట్టు గల్లా పక్కన కూర్చుని నేర్చుకున్నాను. అయినా ఆ రోజు ఈల వేసుకుంటూ ఆటో ఎక్కాను.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకోసం ఇది రాస్తున్నాను. మీకు ఫోనులో వీడియోలున్నాయి, రకరకాల ఫిల్టర్లున్నాయి, నీళ్ళలో ఏముందో చెప్పే చుక్కల మందులున్నాయి. ఇవన్నీ నా దగ్గరా ఉండేవి. లేనిది ఏమిటో చెబుతాను.

మాది నందిగామ బజార్లో సామాన్ల కొట్టు. ఇత్తడి, రాగి, స్టీలు. నాన్న తర్వాత కొట్టు అన్నయ్యకి వచ్చింది. జనం ఆగి చూస్తారని నేను కొట్టు ముందు ఒక చేపల తొట్టి పెట్టాను. జనం ఆగారు, చేపల్ని చూశారు, బిందెలు కొనకుండా చేపల ధర అడిగారు. అన్నయ్య నన్నూ నా తొట్టినీ కలిపి పక్క సందులోకి పంపించాడు. అలా మొదలైంది నా వ్యాపారం. చేపలు అమ్మితే మిగిలేది తక్కువ, తొట్టెల్ని చూసుకోవడంలోనే నాలుగు డబ్బులున్నాయని తెలిశాక హోటళ్ళూ, నగల కొట్లూ, పళ్ళ డాక్టర్లూ పట్టుకున్నాను. కీసర దగ్గర హైవే హోటల్లో ఒకటి, కంచికచర్లలో రెండు, నందిగామలో బోలెడు. తొట్టెలు మొయ్యడానికీ, ఇసుక తేవడానికీ ట్రాలీ ఆటో ఉన్న భాయ్ ఒకాయన నాకు తోడు. పనిలో సగం ఆయనది, మాటల్లో ముప్పావు వంతు ఆయనదే.

షరతు సంగతి విని ఆయన ఆటో పక్కకి తీసి ఆపేశాడు.

"అన్నా, చేపలకి గ్యారంటీ ఇచ్చావా? నా ఆటోకి కంపెనీవాడే ఇవ్వలేదు!"

"నీళ్ళు నా చేతిలో ఉన్నంతకాలం చేపలకేం కాదు భాయ్."

"నీళ్ళు ఎవరి చేతిలోనూ ఉండవన్నా," అన్నాడు. గొప్పకోసం అన్న మాట కాదు. వెనక ట్రాలీలో బకెట్టు ఒలికి ఆయన దుప్పటి తడిసింది, ఆ కోపంలో అన్నాడు.

నీళ్ళ దగ్గర కూడా నేను బేరమే ఆడాను. జగ్గయ్యపేట చుట్టుపక్కల నేలంతా సిమెంటు రాయి. బోరు నీళ్ళు పట్టి బకెట్టు ఎండబెడితే అడుగున సున్నం పూసినట్టు తెల్లటి పొర మిగులుతుంది. తొట్టి అద్దాలకీ అదే పొర కడుతుంది, గోకలేక చేతులు పడిపోతాయి. కుళాయి నీళ్ళా, బ్లీచింగ్ వాసన. అందుకని ఆస్పత్రికి టిన్నులేసే వాటర్ ప్లాంటు ఆయన్ని పట్టుకుని, చేపలకోసం వారానికొక టిన్ను తక్కువ రేటుకి మాట్లాడాను. "మా ఆస్పత్రిలో చేపలు కూడా మినరల్ వాటరే తాగుతాయని చెప్పుకోవచ్చు మేడమ్" అన్నాను డాక్టరమ్మతో. ఆవిడ నవ్వారు. అద్దం గోకే పని తప్పిందని నేనూ నవ్వాను.

డాక్టరమ్మ అత్తగారు పైఅంతస్తులో ఉండేవారు. రెడ్డిగూడెం వైపు మెట్ట ఊళ్ళో వ్యవసాయం చేసిన మనిషి. పొలం కౌలుకిచ్చి కొడుకు దగ్గరకి వచ్చాక చేతులకి పని లేక తొట్టి మీద పడ్డారు. నన్ను మొదటిరోజునే తమ్ముణ్ణి చేసేసుకున్నారు.

"తమ్ముడూ, మీది సామాన్ల కొట్టట కదా. ఈ టిన్ను నీళ్ళు చప్పగా గొంతు దిగట్లేదు. రాగి బిందెలో పోసుకుని తాగితే ఒంటికి మంచిదంటున్నారు. మంచి బరువైంది ఒకటి ఇప్పించు."

దగ్గరుండి నందిగామ తీసుకెళ్ళాను. ఆవిడ ముందు అన్నయ్యతో భీకరంగా బేరం ఆడాను. "అక్కయ్యగారు మనవాళ్ళు, ఆ రేటు చెప్పడానికి నోరెలా వచ్చింది?" అని కేకలేశాను. అన్నయ్య నా వంక జాలిగా చూసి తగ్గించాడు. ఆవిడ బిందె ఒళ్ళో పెట్టుకుని మురిసిపోతూ బస్సెక్కారు. ఆవిడ బస్సు కదలగానే వెనక్కి వచ్చి అన్నయ్య దగ్గర నా కమీషను తీసుకున్నాను. అన్నదమ్ములమైనా కొట్టు కొట్టే.

మొదట్లో తొట్టి కళకళలాడింది. నల్ల మోలీలు, గోల్డ్ ఫిష్‌లు, అద్దం మీద పాచి తినడానికి నాలుగు నత్తలు. వాటన్నిట్లోకీ తలమీద బుడిపె ఉన్న లావుపాటి నారింజరంగు చేప ఒకటి. పిల్లలు దాన్ని గుండు అనేవాళ్ళు. సూది వెయ్యాల్సి వస్తే డాక్టరమ్మ తలుపు తీసి, "గుండు ఎక్కడుందో చూడు, ఎక్కడుందో చూడు" అనేవారు. పిల్లవాడు వెతుకుతుండగా సూది అయిపోయేది. ఎదురు వీధిలో ఎప్పటినుంచో పాతుకుపోయిన పిల్లల డాక్టరు ఉన్నాడు. ఈవిడేమో బ్యాంకు అప్పు మీద ఆస్పత్రి పెట్టుకున్నారు. పేషెంట్లు ఇటు తిరగడానికి గుండు కూడా ఒక కారణమని ఆవిడే నాతో అన్నారు.

నా పని శనివారం. అద్దాలు తుడవడం, అడుగు చెత్త పైపుతో లాగడం, ఫిల్టరు స్పాంజి పిండడం. పిల్లలూ, ఆ స్పాంజిని కుళాయి కింద పెట్టి తెల్లగా ఉతక్కండి. అందులో మురికిని తినే సూక్ష్మజీవులుంటాయి, బ్లీచింగ్ తగిలితే అవి చస్తాయి, తర్వాత చేపలు చస్తాయి. తొట్టి నీళ్ళే కాసిని బకెట్టులో తీసి అందులో పిండాలి. నీళ్ళు కూడా మొత్తం ఎప్పుడూ మార్చకూడదు, కొంచెం తీసి కొంచెం పొయ్యాలి. ఇవన్నీ నేను తు.చ. తప్పకుండా చేశాను. కొత్త నీళ్ళు పోసే పని మాత్రం అక్కయ్యగారు నా చేతిలోంచి లాక్కున్నారు.

"శుక్రవారం పూజయ్యాక నేనే పోస్తాలే తమ్ముడూ. మనుషులకి తలస్నానం, వాటికీ తలస్నానం. నాకూ ఒక పని."

"సరేనండీ. కానీ ప్లాంటు టిన్ను చల్లగా ఉంటుంది, అలాగే పొయ్యకండి. ఒక రాత్రి నిలవ ఉంచి పొయ్యండి."

"అలాగే."

ఇక్కడ నేను అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. అడగలేదు.

ముందు మోలీలు పోయాయి. రెక్కలు ముడుచుకుని ఒక మూల వణుకుతూ ఉండి, పోయాయి. తర్వాత నత్తలు గుల్లల్లోకి ముడుచుకుని అడుగున పడ్డాయి, మళ్ళీ తెరుచుకోలేదు. నా దగ్గరున్న చుక్కల మందులతో నీళ్ళు పరీక్షించాను. అమ్మోనియా లేదు. మురికి లేదు. నీళ్ళు గాజులా ఉన్నాయి. షరతు ప్రకారం కొత్త మోలీలు తెచ్చి వేశాను. అవీ పోయాయి.

నాకు మతి పోయింది. కీసర హోటల్లో తొట్టి చూడాలి మీరు. వంటింటి జిడ్డు గాలి, డ్రైవర్లు వేసే పూరీ ముక్కలు, నేను వెళ్ళేసరికి నీళ్ళు టీ రంగులో ఉండేవి. అందులో చేపలు దున్నపోతుల్లా బలిసి ఉండేవి. ఇక్కడ శుభ్రమైన తొట్టి, తూకం వేసినట్టు మేత, మినరల్ వాటర్. ఇక్కడ చస్తున్నాయి.

మొదట మందుల వాసన అనుకున్నాను. ఆయా నేల తుడిచే ఫినాయిలు మాన్పించాను. తర్వాత ఏసీ అనుకుని తొట్టి జరిపించాను. తర్వాత పిల్లలు బిస్కెట్లు వేస్తున్నారనుకుని మూత మీద బోర్డు పెట్టాను, చదవడం రాని పిల్లలకోసం. భాయ్ ఒకరోజు తొట్టికి చెవి ఆనించి విన్నాడు.

"ఏం వినబడింది?" అన్నాను.

"నీ డబ్బులు పోతున్న చప్పుడన్నా."

అక్కయ్యగారు మాత్రం దిష్టి అని తేల్చారు. దోసిట్లో ఉప్పు తీసుకుని తొట్టి చుట్టూ తిప్పి వీధిలో పారబోశారు. చేపలకి జబ్బు చేసినప్పుడు చిటికెడు ఉప్పు వేస్తే నిజంగానే కొంత మేలు. వీధిలో కాకుండా తొట్టిలో వేసినా కొంచెం పుణ్యం ఉండేది.

ఇంకా అర్థం కానిది ఒకటుంది. బాగా నీరసించిన గోల్డ్ ఫిష్‌లు రెంటిని నందిగామలో నా కొట్టుకి తెచ్చుకున్నాను. మా బోరు నీళ్ళూ జగ్గయ్యపేట నీళ్ళకేం తీసిపోవు, అదే సున్నం. నీలిరంగు టబ్బులో పడేశాను. మర్నాటికి రెక్కలు విప్పాయి. వారం తిరిగేసరికి మేతకోసం నా వేలు కొరికాయి. సంబరంగా ఆస్పత్రికి తీసుకెళ్ళి వేశాను. శుక్రవారం గడిచి శనివారం నేను వెళ్ళేసరికి మళ్ళీ మూలకి చేరి వణుకుతున్నాయి. మంచి నీళ్ళలో చావడమేమిటి, పాడు నీళ్ళలో బతకడమేమిటి? ఇన్నేళ్ళుగా నేను జనానికి చెప్పిందంతా తలకిందులుగా చెప్పానేమోనని భయం పట్టుకుంది. కొట్లో కూర్చుని నా చేపల్నే అనుమానంగా చూడసాగాను.

చివరికి మందు వేశాను. చేపల మందుల్లో అన్నిటికీ వాడే నీలం సీసా ఒకటుంటుంది, ఒంటిమీద తెల్ల చుక్కలొస్తే వేస్తారు. చుక్కలు లేకపోయినా ఏదో ఒకటి చెయ్యాలి కదా అని వేశాను. ఆ వారం ఎన్నడూ లేనన్ని పోయాయి.

ఆ రోజుల్లో నేనూ భాయ్ శనివారాలు పొద్దున్నే పేషెంట్లు రాకముందే జగ్గయ్యపేట చేరేవాళ్ళం. పోయిన చేపని తీసి, అదే రంగు, అదే సైజు చేపని వేసి, ఏమీ ఎరగనట్టు అద్దం తుడుస్తూ నిలబడేవాణ్ణి. పెద్దవాళ్ళు గమనించేవాళ్ళు కాదు. ఒకసారి మాత్రం ఆయాసానికి పెట్టే నెబ్యులైజరు మాస్కు మూతికి పెట్టుకున్న చిన్నపిల్ల అది తీసేసి, "ఇది అది కాదు" అని స్పష్టంగా చెప్పి మళ్ళీ పెట్టుకుంది.

అసలు దెబ్బ కొట్టింది ఒక ముసలావిడ. తెలంగాణ సరిహద్దు అవతల నుంచి, కోడల్ని వెంటబెట్టుకుని మనవణ్ణి తీసుకొచ్చింది. మేం ఆలస్యంగా వెళ్ళిన రోజది. చేప ఒకటి వెల్లకిలా తేలి ఉంది. ఆవిడ తొట్టిని చూసింది, కోడల్ని చూసింది.

"చేపలే బతకని దవాఖానల పిల్లలెట్ల బతుకుతరే? పా, కోదాడ పోదాం."

వెళ్ళిపోయారు. ఆ మాట హాల్లో ఉన్న అందరికీ వినబడింది. ఇద్దరు ముగ్గురు తల్లులు బిడ్డల్ని దగ్గరికి లాక్కున్నారు. తర్వాతి వారానికి ఆ మాట ఊళ్ళో తిరిగి వచ్చి నాకే చేరింది. నందిగామలో మా టీ కొట్టు ఆయన అడిగాడు: "పేటలో ఏదో ఆస్పత్రిలో చేపలు చస్తున్నాయట కదా, మీకేమైనా తెలుసా?" తెలియదన్నాను. అబద్ధం కూడా కాదు, నాకు నిజంగానే ఏమీ తెలియదు.

గురువారం డాక్టరమ్మ ఫోన్ చేశారు.

"అంకుల్, మీ తప్పని నేననట్లేదు. కానీ ఈ వారం హాలు సగం ఖాళీ. జ్వరం పిల్లాణ్ణి తెచ్చిన తల్లికి నేను మందు గురించి చెబుతుంటే ఆవిడ తొట్టి వంక చూస్తోంది. తొట్టి తీసేద్దాం. రేపొచ్చి తీసుకెళ్ళండి."

"గుండు ఉందాండీ?"

"అదొక్కటే ఉంది. మూలకి చేరింది. అది కూడా హాల్లోనే పోతే..." అని ఆగిపోయారు.

మర్నాడు ఖాళీ డ్రమ్ములు వేసుకుని భాయ్‌తో బయల్దేరాను. దారంతా ఆయన ఒక్క ఎగతాళి కూడా చెయ్యలేదు. అది ఇంకా బాధగా ఉంది.

అన్ని నెలల్లో నేను ఆ ఆస్పత్రికి శుక్రవారం వెళ్ళడం అదే మొదలు.

పేషెంట్లు ఇంకా రాలేదు. గుండుని ప్లాస్టిక్ సంచిలోకి దించుదామని చొక్కా చేతులు మడిచాను. డాక్టరమ్మ పిల్లల స్టూలు మీద కూర్చుని చూస్తున్నారు. మెట్ల మీద అడుగుల చప్పుడు. అక్కయ్యగారు తలస్నానం చేసిన జుట్టు ముడేసుకుని, నడుమ్మీద బిందెతో దిగుతున్నారు.

"ఆగు తమ్ముడూ. తీసుకెళ్ళేదేదో తీసుకెళుదువుగాని, ఈ పూట నీళ్ళు పొయ్యనీ. దాహంతో పంపకూడదు."

బిందె ధగధగా మెరుస్తోంది. నేను సామాన్ల కొట్టు వాణ్ణి కదా, నా కన్ను ముందు బేరానికే పోయింది. అన్నయ్య అమ్మినప్పటికంటే కొత్తగా ఉంది, ఇప్పుడు తిప్పి అమ్మినా అదే రేటు పలుకుతుంది అనుకున్నాను. ఆవిడ వంగి పొయ్యబోతుంటే లోపలి వైపు కూడా కనబడింది. లోపల కూడా అంతే మెరుపు. వాడే బిందె లోపల అలా ఉండదు. కొన్నాళ్ళకే గోధుమరంగు తిరుగుతుంది.

"అక్కయ్యగారూ, ఆగండి. లోపల కూడా తోముతారా?"

"ఎందుకు తోమనూ? గురువారం సాయంత్రం చింతపండుతో లోపలా బయటా రుద్ది కడిగి, టిన్ను అందులో పోసి మూత పెడతా. నువ్వేగా రాత్రంతా నిలవ ఉంచమన్నావు?"

సంచి పక్కన పెట్టేశాను.

మా నాన్న రాగి గిన్నె కొన్న ప్రతి మనిషికీ ఒక మాట చెప్పేవాడు. "అమ్మా, కళాయి లేకుండా ఇందులో పులుసు పెట్టొద్దు, చిలుము దిగుతుంది." ఆయన పోయాక ఆ మాట నేను చెప్పేవాణ్ణి. వచ్చిన వాళ్ళందరికీ చెప్పి చెప్పి నాకు నిద్రలో కూడా వచ్చేది. అలాంటి వాణ్ణి ఈ బిందె దగ్గరుండి కొనిపెట్టాను.

డాక్టరమ్మ లేచి నిలబడ్డారు. ఆవిడకి చెప్పాల్సిన అవసరం రాలేదు. "రాగి" అన్నారు నెమ్మదిగా. "అదీ ప్లాంటు నీళ్ళలో."

నాకు తెలిసినంతలో సంగతి ఇది. ప్లాంటు నీళ్ళలో ఖనిజాలేవీ మిగలవు. అలాంటి నీళ్ళు ఆకలిగా ఉంటాయి, దొరికిన దాన్ని కరిగించుకుంటాయి. చింతపండుతో తోమిన కొత్త రాగి దొరికింది, రాత్రంతా కరిగించుకున్నాయి. మనిషికి ఆ మాత్రం లెక్కలోకి రాదు. చేపకి మొప్పల్లో మంట. నత్తకైతే ఇంకా ముందే ఆయువు తీరుతుంది. మా సున్నపు బోరు నీళ్ళయితే రాగి అంతగా దిగదు, దిగినా అంత విషం చూపించదు. నేను తిట్టుకుంటూ గోకిన తెల్లటి పొరే నందిగామలో నా చేపల్ని కాపాడింది.

"అంకుల్, మీ నీలం సీసా ఇలా ఇవ్వండి," అన్నారు డాక్టరమ్మ. ఫోను కెమెరాతో చీమల్లాంటి అక్షరాలు పెద్దవి చేసి చదివారు. చదివి ఫోను నా చేతికిచ్చారు. మందులో ఉన్నది రాగే. నత్తలున్న తొట్టిలో వెయ్యరాదని కూడా రాసి ఉంది. విషం తాగిన చేపలకి అదే విషం చెంచాతో పట్టించాను.

అక్కయ్యగారు బిందె నడుమ్మీదే పెట్టుకుని మా ఇద్దరి ముఖాలూ చూస్తున్నారు.

"ఏంటి? పొయ్యనా, వద్దా?"

డాక్టరమ్మ నా వంక చూశారు. నేను తొట్టి వంక చూశాను. ఇక తప్పలేదు.

"అంటే అక్కయ్యగారూ, తప్పు కొంత ప్లాంటు నీళ్ళది, కొంత నాది, ఆ మందుది కూడా కొంత, ఇక బిందెది అంటారా, ఏదో చిన్న..."

"తమ్ముడూ, బేరం ఆపి చెప్పు. నేనే చంపానా?"

 

"కాదండీ. నిలవ ఉంచమన్నా, ఉంచారు. దేంట్లో ఉంచుతున్నారని నేను ఒక్కరోజు కూడా అడగలేదు. అడిగుంటే మొదటివారమే ఆగిపోయేది."

ఆవిడ బిందె నేల మీద దించారు. నీళ్ళు తొణక్కుండా, చంటిపిల్లని దించినట్టు. కుర్చీలో కూర్చున్నారు. "ఇంట్లో అన్నిట్లోకీ మంచిది అదే అని పోశా," అన్నారు. అన్నాక కోడలి వైపు తిరిగారు. "మరి మనం తాగుతున్నాం కదే!"

"మనకేం కాదత్తయ్యా. లోపల చింతపండు మాత్రం రుద్దకండి."

"అంత ధగధగలాడేది..." అన్నారు. ఆ ఒక్క మాటకే ఆవిడ కళ్ళు తుడుచుకున్నారు.

తొట్టి తీసుకెళ్ళడానికి వచ్చానన్న సంగతి అందరం మర్చిపోయాం. భాయ్ డ్రమ్ములు దించాడు. కాకపోతే తొట్టి ఖాళీ చెయ్యడానికి కాదు, పెరట్లో బోరు నీళ్ళు పట్టడానికి. అక్కయ్యగారు మొత్తం ఒకేసారి మార్చెయ్యమన్నారు. వద్దన్నాను. నీళ్ళు చెడ్డవైనా చేప ఒంటికి అలవాటైపోయి ఉంటాయి, ఒక్కసారి మారిస్తే ఆ దెబ్బకే పోతుంది. కాసిని తీసి కాసిని పోస్తూ, ఫిల్టర్లో విషాన్ని పీల్చుకునే బొగ్గు సంచి పెట్టి, నేను రోజూ బస్సెక్కి వచ్చాను. ఆవిడ ప్లాస్టిక్ డ్రమ్ము పక్కన కుర్చీ వేసుకుని కాపలా కాశారు, ఎవరైనా వచ్చి అందులో ఇంకేదైనా మంచిది వేస్తారేమోనని. గుండు బతుకుతుందని నేను ఎవరికీ మాటివ్వలేదు. ఇవ్వకుండా ఉండటం నాకు చాలా కష్టమైంది.

ఒక పొద్దున నేను వెళ్ళేసరికి అది మూల వదిలి అద్దం దగ్గరకి వచ్చి నోరు తెరుస్తోంది. మేత అడుగుతోంది. మాస్కు పిల్ల మళ్ళీ వచ్చింది ఆ రోజు. చాలాసేపు చూసి, "ఇది అదే" అంది.

హాలు ఒక్కరోజులో నిండలేదు. మెల్లగా నిండింది. కోదాడ వెళ్ళిన ముసలావిడ తిరిగి రాలేదు. అన్నిటికీ రాగే కారణమా, ఇంకేదైనా కలిసిందా అన్నది నాకు ఈ రోజుకీ పూర్తిగా తెలియదు. ఆ శుక్రవారం వెళ్ళకుండా ఎప్పటిలా శనివారం వెళ్ళి ఉంటే మాత్రం తొట్టి నా కొట్లో ఉండేది, కారణం వాళ్ళింటి పైఅంతస్తులో మెరుస్తూ ఉండేది. అప్పటినుంచి నేను ఏ ఇంటికి వెళ్ళినా ముందు చేపల్ని చూడటం మానేశాను. నీళ్ళు ఎక్కడినుంచి వస్తాయి, దేంట్లో పడతారు, ఎవరు పోస్తారు, ఎప్పుడు పోస్తారు అని అడుగుతాను. జనం విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.

కొత్త ఒప్పందం రాసుకుందాం, పాత లెక్క తేల్చమన్నారు డాక్టరమ్మ. కాగితం తీసుకుని అక్కడే కూర్చుని రాశాను. పోయిన చేపలు, షరతు ప్రకారం నావి. నీలం మందు నాది, దానివల్ల పోయిన చేపలు మరీ నావి. ప్లాంటు టిన్నుల డబ్బు వాళ్ళు కట్టారు, సలహా నాది కాబట్టి సగం నాది. బిందె మీద అన్నయ్య దగ్గర తీసుకున్న కమీషను అక్కయ్యగారికి వాపసు. అది చదివి ఆవిడ తలెత్తారు.

"అంటే ఆ రోజు ఆ కేకలన్నీ?"

"కొంత నిజమే అక్కయ్యగారూ."

నెల జీతాలు మాత్రం వెనక్కి ఇవ్వలేదు. అద్దాలు నిజంగానే శుభ్రంగా తుడిచాను. కూడి చూస్తే బిల్లు రాసింది నేను, కట్టాల్సిందీ నేనే. అక్కయ్యగారు కాగితం లాక్కుని కళ్ళజోడు పెట్టుకుని రెండోసారి చదివారు.

"ఒకటి వదిలేశావు. చేప పోతే నాది అన్నావు. బతికితే ఎవరిదో చెప్పలేదు."

"మీదేనండీ."

"అయితే గుండుని బతికించిన కూలి రాసుకో."

బస్సు ఛార్జీలూ, భాయ్ ఆటోకి పోసిన డీజిలూ వేసుకుని రాశాను. ఆవిడ అందులో కొంత కొట్టేశారు. నేను బేరమాడలేదు. కట్టాల్సింది కొంచెం తగ్గింది. అయినా కట్టాల్సింది నేనే. కట్టాను.